కుడిచేతి కింద మిగిలిన పేజీలు

మిస్టరీ నవలను రచయిత ఎంత జాగ్రత్తగా రాసినా, ఒక రహస్యం మాత్రం పాఠకుడికి ముందే తెలిసిపోతుంది: కథ ఇంకా ఎంత మిగిలి ఉందో. వంద పేజీలు ఉండగానే ఎవరైనా నేరం ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలు నమ్మదగినది కాదని కుడిచేతి కింద ఉన్న పేజీల మందమే చెప్పేస్తుంది. ఒకే డిటెక్టివ్ మీద నడిచే వరుస నవలల్లోనైతే మరో భరోసా కూడా ఉంటుంది. ఎన్ని తుపాకులు పేలినా వచ్చే పుస్తకం నాటికి అతడు బతికే ఉంటాడు. ఏటేటా వెలువడే మిస్టరీ కథల సంకలనం ఈ రెండు ఊతాలనూ ఒకేసారి లాగేస్తుంది. మిగిలిన పేజీలన్నీ వేరే కథలవి కావచ్చు. చదువుతున్న కథ పేజీ తిప్పగానే ముగిసిపోవచ్చు, లేదా ఇంకో ముప్ఫై పేజీలు సాగవచ్చు. కథ చెబుతున్న మనిషే హంతకుడు కావచ్చు, హతుడూ కావచ్చు, అసలు ఎవరూ చావకుండానే కథ అయిపోవచ్చు. ఈ సంకలనాల మీద నాకున్న మక్కువకు మొదటి కారణం ఇలా ఏ ఆసరా లేకుండా చదవవలసి రావడమే.

ఒకే రచయిత కథల సంపుటిలో ఈ సుఖం దొరకదు. నాలుగైదు కథలు చదివేసరికి ఆ రచయిత ఆధారాలను ఎక్కడ దాస్తాడో, ఎవరిని అమాయకులుగా నిలబెడతాడో పట్టుబడిపోతుంది. ఏదో ఒక అంశం ఇచ్చి అందరిచేతా రాయించిన సంకలనంలోనైతే కథ కంటే ముందే అంశం ఎదురవుతుంది. ఏడాది అలాంటి అంశం కాదు. ఆ పన్నెండు నెలల్లో అచ్చయ్యాయన్న ఒక్క సంబంధం తప్ప ఆ కథల మధ్య మరే చుట్టరికమూ ఉండనక్కరలేదు.

ఈ సంప్రదాయం చాలా పాతది. డిటెక్టివ్ కథలకు పది నియమాలంటూ బ్రిటిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ రాసిన జాబితాను ఈ ప్రక్రియను ఇష్టపడేవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటారు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలనీ, అతీత శక్తులకు చోటు ఇవ్వకూడదనీ, రహస్య మార్గాలు ఒకటికి మించి ఉండకూడదనీ, డిటెక్టివే నేరం చేయకూడదనీ ఆయన శాసించాడు. ఆయన క్యాథలిక్ మతాచార్యుడు కనుక, బైబిల్లోని పది ఆజ్ఞల్లా శాసనాలు పది కావడంలో కొంత చమత్కారం కూడా ఉంది. అయితే ఆ నియమాలు వెలువడింది ఏ విమర్శ గ్రంథంలోనో కాదు, 1929లో వచ్చిన ఒక వార్షిక ఉత్తమ కథల సంకలనపు ముందుమాటలో. నాకిది సహజంగానే తోస్తుంది. ఒక కథలో కనిపించిన రహస్య మార్గాన్ని ఎవరైనా క్షమిస్తారు. ఒక ఏడాది కథలన్నీ గుట్టగా ముందు వేసుకుని చదివేవాడికే విసుగు పుట్టి, ఆ విసుగు నియమంగా మారుతుంది.

అమెరికాలో 1946లో మొదలైన ఏటి ఉత్తమ డిటెక్టివ్ కథల పరంపర పలువురు సంపాదకుల చేతులు మారి, 1976లో ఎడ్వర్డ్ డి. హాక్ చేతికి వచ్చింది. దాన్నీ, 1982 నుంచి దాని స్థానంలో కొత్త పేరుతో వచ్చిన సంకలనాలనూ కలిపి ఆయన 1995 దాకా నడిపాడు. హాక్ స్వయంగా తొమ్మిది వందలకు పైగా కథలు రాసినవాడు. ఎల్లరీ క్వీన్స్ మిస్టరీ మ్యాగజీన్‌లో 1973 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఆయన కథ లేని సంచిక లేదు. నవలలే డబ్బూ పేరూ తెచ్చిపెట్టే కాలంలో చిన్నకథ మీదే జీవితాన్ని పెట్టిన మనిషి ఆయన. అందుకే ఆయన కూర్చిన సంకలనాల చివర ఆ ఏడాది అవార్డులు, వచ్చిన పుస్తకాలు, మరణించిన రచయితల పేర్లు కూడా ఉంటాయి. కథల కోసం తెరిచిన పుస్తకంలో ఆ చివరి పేజీలు చదువుతుంటే, ఒక వృత్తికి చెందినవాళ్ళు ఏడాది లెక్క తేల్చుకుంటున్నట్టు ఉంటుంది.

1997లో అమెరికాలోనే ఓటో పెంజ్లర్ సంపాదకత్వంలో ఏటి ఉత్తమ మిస్టరీ కథల మరో పరంపర మొదలైంది. అందులో ఎంపిక రెండు అంచెల్లో జరిగేది. ఏడాది పొడవునా వచ్చిన కథలను జల్లెడ పట్టి పెంజ్లర్ యాభైని నిలబెట్టేవాడు. ఆ ఏటి అతిథి సంపాదకుడు వాటిలోంచి ఇరవై తీసుకునేవాడు. నేరం గానీ, నేరం జరగబోతోందన్న ముప్పు గానీ కథకు కేంద్రంగా ఉంటే చాలు, అది మిస్టరీ కథే అన్నది పెంజ్లర్ కొలమానం. ఆధారాలు పేర్చి చిక్కుముడి విప్పే కథల కోసం వచ్చిన పాఠకుడు ఇక్కడ కొంత నిరాశ పడతాడు. కొన్ని సంపుటాల్లో డిటెక్టివ్ కనబడడమే అరుదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. అయినా ఆ విశాలమైన కొలమానం వల్లే, మిస్టరీ అభిమానులు సాధారణంగా తెరవని విశ్వవిద్యాలయాల సాహిత్య పత్రికలు కూడా ఆ జల్లెడలోకి వచ్చాయి. టామ్ ఫ్రాంక్లిన్ ‘పోచర్స్’ కథ అలాంటి పత్రికలోనే, టెక్సస్ రివ్యూలో, మొదట వచ్చి, మిస్టరీ రచనలకిచ్చే ఎడ్గార్ అవార్డు గెలిచి, ఈ పరంపరలోకీ చేరింది. అలబామా అడవిలో దొంగవేట సాగించే అన్నదమ్ముల కథ అది. హంతకుడెవరన్న ప్రశ్న కోసం దాన్ని ఎవరూ చదవరు, కానీ భయం ఎముకల దాకా దిగుతుంది.

‘ఉత్తమ’ అన్న విశేషణాన్ని మాత్రం నేను పెద్దగా పట్టించుకోను. అది ఇద్దరు మనుషుల అభిరుచి, అంతే. ఇరవైలో కొన్ని నచ్చవు, ఒకటో రెండో అసలు ఎందుకు ఎంపికయ్యాయో అర్థం కాదు. నచ్చని నవల ఒక వారాన్ని మింగేస్తుంది, నచ్చని కథ మహా అయితే అరగంట తీసుకుంటుంది. పైగా, నాకంటే ఎన్నో రెట్లు చదివిన మనిషి ఇందులో ఏం చూశాడా అని వెనక్కి వెళ్ళి వెతకడం కూడా ఒక పరిశోధనే.

ఆ వెతుకులాటకు పుస్తకం చివర రచయితలు తమ కథ ఎలా పుట్టిందో చెప్పుకునే చిన్న వ్యాసాలు బాగా పనికొస్తాయి. వాటిని కథ చదివాకే చదవాలి, ఎందుకంటే కొందరు మొహమాటం లేకుండా ముగింపును బయటపెట్టేస్తారు. వాటి తరువాత, ఇరవైలోకి రాలేకపోయిన మిగతా కథల పేర్లు, అవి అచ్చయిన పత్రికల పేర్లు ఉంటాయి. 2021 నుంచి పెంజ్లర్ వేరే వార్షిక సంకలనం ప్రారంభించగా, పాత పరంపర రచయిత్రి స్టెఫ్ చా చేతుల్లో పేరు కొద్దిగా మార్చుకుని సాగుతోంది కనుక, ఒకే ఏడాదికి ఇప్పుడు రెండు ఎంపికలు దొరుకుతున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒకరు ఎంచుకున్న కథను మరొకరు ఎక్కడ వదిలేశారో చూడడం నాకు ఈ మధ్య అలవాటైంది. వదిలేసిన కథలే ఒక్కోసారి ముందు చదువుతాను.