ప్రొద్దుటూరు బస్సులో జీరో టికెట్

కాచిగూడలో వెంకటాద్రి రైలు ఎక్కేటప్పుడు నా లిస్టులో ఉన్నవి రెండే: గండికోట, కారం దోశ. రెండూ అయ్యాయి. కానీ కడప ట్రిప్ ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ప్రొద్దుటూరు పోయే బస్సు, అందులో కండక్టరు, వాణి చేతిలో జీరో టికెట్టు. (వాణి అసలు పేరు కాదు. మార్చి రాయమని తనే అంది.)

ముందు టికెట్ సంగతి. మా తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. వాణి ఆధార్ ఇప్పటికీ కడప అడ్రసుతోనే ఉంది. అందుకని హైదరాబాదులో తను డబ్బులిచ్చి ఎక్కుతుంది, నేను కార్డు చూపించి ఎక్కుతాను. దీని మీద తనను రోజూ ఏడిపించేదాన్ని. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలోనూ మొదలైంది. కడప బస్టాండులో ఈసారి తను నవ్వింది, నేను పర్సు తీశాను.

అంతకుముందు వాళ్లింటికి పోయాం. తెల్లారకముందే రైలు దిగితే ఆటోవాడు రెండు కిలోమీటర్లకు నూట యాభై అన్నాడు, నూట ముప్పైకి దిగాడు, దిగేటప్పుడు మళ్లీ నూట యాభై అన్నాడు. వాణి వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. రెండు గదులు, నల్లటి కడప బండల నేల, వాకిలి పక్కనే మిషను. ఆమెను ఫోటోల్లో చూశాను, నుదుటన పెద్ద కుంకుమ బొట్టుతో. పరిచయమైన కొత్తలోనే వాణి "నాన్న లేరు" అని చెప్పింది కాబట్టి, భర్త పోయినా బొట్టు తియ్యని ఆడమనిషి అని ఆమెంటే నాకు భలే గౌరవం. నల్గొండలో మా అమ్మకు కూడా ఈమె గురించి గొప్పగా చెప్పాను.

"మా రూమ్మేటు మా" అంది వాణి. నాలుగేళ్ల కాపురం ఆ ఒక్క మాటలో సర్దుకుంది. ముందే అనుకున్నదే, నొచ్చుకోవడానికి లేదు. ఆమెను ఆంటీ అనాలో అత్తమ్మ అనాలో తేలక, ఉన్నంతసేపూ ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాను. నానేసిన బొరుగులు పిండి, తాలింపులో వేసి, పప్పుల పొడి చల్లి ఉగ్గాని చేసింది. పక్కన మిరపకాయ బజ్జీలు. హైదరాబాదులో ఉగ్గాని అని అమ్మేది తిని బాగుందనుకున్న నా నాలుకను నేనే తిట్టుకున్నాను. తింటుంటే దేవుని కడప సంగతి చెప్పింది. ఉగాదికి ఆ గుడికి ముస్లింలు కూడా వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, వెంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడు అని. "మా ఊర్లో ఇదేం కొత్త గాదు పాపా" అంది. ఎంత బాగా వరస కలుపుకున్నారో అనిపించింది. నాకే ఆ ఇంట్లో వరస లేదు.

గండికోటకు జమ్మలమడుగు మీదుగానే పోవాలి. నేరుగా పోయే బస్సు అప్పుడే వెళ్లిపోయిందన్నారు. ప్రొద్దుటూరు పోయి మారదామన్నాను. వాణి వద్దంది. ఇంకో గంట ఆగుదాం, ముద్దనూరు వైపు పోయేది వస్తుంది అంది. ఎండలో గంట ఎందుకు, అక్కడే ఉన్న బస్సు ఎక్కమన్నాను. మొండిగా నేనే ఎక్కాను. తను వెనకాలే వచ్చింది. ఆ వద్దనడం మామూలు వద్దనడం కాదని నాకు అప్పుడు తట్టలేదు.

ఫ్రీ వచ్చాక బస్సు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇంజను పక్కన బోనెట్ మీద కూడా నలుగురు. కండక్టరుకు యాభై దాటి ఉంటాయి. "ఆధార్, ఆధార్, ఫోన్లో ఉంటే తెరిచి పెట్టుకోండి" అంటూ మనుషుల మధ్య ఈదుకుంటూ వచ్చాడు. నా కార్డు చూసి "హైదరాబాదా, డబ్బులు తియ్యమ్మా" అన్నాడు. వాణి కార్డు తీసుకుని, కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టి, కార్డును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. తండ్రి పేరు ఉన్న లైను మీద వేలు పెట్టాడు.

"ప్రొద్దుటూర్లో బట్టల కొట్టాయప్ప గదా? ఆయన కూతురివా? మొన్న మా పాప పెండ్లికి చీరలు ఆయన కాడే తీసుకుంటిమి. కూతురుందని ఎప్పుడూ చెప్పల్యా!"

"కాదన్నా. పేరు ఒకటే అయ్యుంటుంది."

"పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, ముక్కు గూడా ఒకటేనా?" అన్నాడు, నవ్వుతూనే. ఆయన మనసులో ఏ చెడూ లేదు. మిషను నుంచి జీరో టికెట్టు లాగి తన చేతిలో పెట్టి, "మోకాళ్ల నొప్పులంటాండాడు, చూడుపో" అని ముందుకు పోయాడు.

వాణి ఆ టికెట్టును సగానికి మడిచింది. మళ్లీ సగానికి మడిచింది. గోరంత అయ్యేదాకా మడుస్తూనే ఉంది.

కమలాపురం దాకా నేను మాట్లాడలేదు. పాపాఘ్ని వంతెన వచ్చింది. పేరు పాపాలు కడిగే ఏరు, చూస్తే ఇసుక మధ్య సన్నటి పాయ. అప్పుడు అన్నాను.

"లేరన్నావు కదా."

"లేరనే అన్నాను. చచ్చిపోయాడని అనలేదు."

తన ఎనిమిదో ఏట ఆయన ప్రొద్దుటూరు వెళ్లి అక్కడ ఇంకో సంసారం పెట్టాడట. వాళ్లమ్మ మాత్రం వీధిలో అందరికీ ఆయన కువైట్ పోయినాడని చెప్పింది. కడపలో అది నమ్మని వాళ్లు ఎవరు? ఏ వీధిలో చూసినా కువైట్ పోయిన మనిషి ఒకరైనా ఉంటారు. కష్టపడి కుట్టిన డబ్బులతో ఒకసారి మందపాటి ఫారిన్ దుప్పటి కొని, అక్కడి నుంచి పంపాడని మేడ మీద ఆరేసిందట. ఇరవై ఏళ్లుగా ఆ వీధికి ఆయన కువైట్‌లోనే ఉన్నాడు. ఆయనేమో యాభై ఐదు కిలోమీటర్ల దూరంలో గజాల లెక్కన గుడ్డలు కోస్తున్నాడు.

ఇదంతా తను కిటికీ వైపు తిరిగి చెప్పింది. నాకు జాలి కలగాలి. కలగలేదు. ఒళ్లు మండింది. సుప్రీంకోర్టులో మాలాంటి వాళ్ల పెళ్లి కేసు తీర్పు రోజున, 2023 అక్టోబర్ 17న, మన పెళ్లిని చట్టం ఒప్పుకోదట, పార్లమెంటు చూసుకోవాలట అని తెలిసి ఇద్దరం అన్నం కూడా వండుకోలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో, మాలాంటి వాళ్లు జాయింట్ అకౌంట్ తెరవడానికి అడ్డేమీ లేదని కేంద్రం చెప్పిందని చదివి, ఆ వారమే బ్యాంకుకు పరుగెత్తాం. ఫారం నేనే నింపాను. తన తండ్రి పేరు ముందు 'లేట్' అని రాయబోతే, "అది వద్దులే, పేరు చాలు" అంది. ఎంత సున్నితమైన మనసో అనుకున్నాను, నా తెలివి మండా!

"వీధికి చెప్పిన అబద్ధమే నాకూ చెప్పావు."

"వీధికి కువైట్ అని చెప్పినాం. నీకు లేరని చెప్పినాను. తేడా లేదా?"

"నేనెవరిని నీకు?"

"మీ అమ్మకు నేనెవర్ని?" అంది.

ఎర్రగుంట్ల వచ్చింది. సిమెంటు దుమ్ముకు చెట్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి. పక్కన నిలబడ్డ పెద్దావిడ మా ఇద్దరి మొహాలూ చూసి "ఏం పాపా, బస్సు పడలేదా" అని నిమ్మకాయ ఇచ్చింది. అది నేను వాసన చూస్తూ కూర్చున్నాను. మా అమ్మకు వాణి నా రూమ్మేటు. అద్దె అగ్రిమెంటులో స్నేహితురాలు. మాలాంటి వాళ్ల ప్రేమ 377 సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన 2018 సెప్టెంబర్ 6 నుంచి నేను ఇంట్లో నిజం చెబుతాననే అనుకుంటున్నాను, ప్రతి సంక్రాంతికీ.

ప్రొద్దుటూరు బస్టాండులో తను బెంచీ మీద కూర్చుండిపోయింది. జమ్మలమడుగు బస్సుకు అరగంట ఉంది. "నీళ్లు తెస్తా" అని చెప్పి బయటికి నడిచాను. నీళ్ల సీసా కొన్నాను కూడా. కానీ కాళ్లు వెనక్కి రాలేదు. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు కదా, ఎటు చూసినా బంగారం కొట్లే. బట్టల బజారు ఎటని ఒక పూలమ్మిని అడిగి, కార్డు మీద చూసిన ఇంటిపేరు చెప్పాను. వేలెత్తి చూపించింది. అంత సులువు.

సన్నటి కొట్టు. కౌంటరు దగ్గర పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఫోన్ చూసుకుంటున్నాడు, వాణి ముక్కుతో. లోపల ఆయన. ఎలాంటి మనిషిని ఊహించుకుని పోయానో తెలియదు, ఎదురుగా ఉన్నది మాత్రం అర చేతుల చొక్కా వేసుకున్న అలసిన ముసలాయన. రవిక గుడ్డ కావాలన్నాను. నెమలి రంగుది చూపించాడు. "యా ఊరు పాపా?" అన్నాడు. హైదరాబాదన్నాను. "అంత దూరం నుంచి వచ్చి మీటరు గుడ్డకా!" అని నవ్వాడు.

అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి సర్రున చించాడు. తర్వాత మడిచాడు. మడత మీద చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకభాగంతో మూడుసార్లు తోశాడు. మూడోసారి కొంచెం గట్టిగా. మా ఇంట్లో ఆదివారం ఆదివారం మంచం మీద ఉతికిన బట్టల కుప్ప ముందు కూర్చుని వాణి చేసేది అచ్చం అదే. అలా ఎందుకని అడిగితే "ఇస్త్రీ ఖర్చు తప్పుతుంది" అంటుంది. ఎనిమిదేళ్లప్పుడు చూసింది చేతుల్లో ఉండిపోయింది. ఆ విషయం తనకు తెలుసో లేదో.

నూట నలభై అన్నాడు. పది తగ్గించమన్నాను. గోడ మీది 'ఒకే ధర' బోర్డు చూపించాడు.

తిరిగి వచ్చేసరికి వాణి అక్కడే ఉంది. నీళ్లకని పోయి నలభై నిమిషాలైంది, బస్సు పోయింది. నా చేతిలో కవరు చూసింది, దాని మీద కొట్టు పేరు చదివింది. అరుస్తుందనుకున్నాను.

"ఎట్లుండాడు?" అంది.

నాతో ఎప్పుడూ ఆ యాసలో మాట్లాడదు. ఏం చెప్పాలో తెలియక, "పది రూపాయలు తగ్గించమంటే తగ్గించలేదు" అన్నాను. నవ్వింది. మొహం నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం అప్పటికే వేరే పనిలో ఉన్నాయి. అందరూ చూస్తున్నారని నేను చెయ్యి పట్టుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే, ఎవరు చూస్తే నాకేం?

గండికోట చూశాం. టెంటుకు రెండు వేలు, దోమలు ఉచితం. పెన్న లోయ నిజంగానే గొప్పగా ఉంది, పొద్దున్నే పోండి. రాత్రి చెరో వైపు తిరిగి పడుకున్నాం. నా కోపం పోయిందని రాస్తే అబద్ధం. తెల్లవారుజామున చలికి ఒకే దుప్పటిలోకి వచ్చామన్నది నిజం.

మర్నాడు సాయంత్రం కడప చేరాం. కొట్టు పేరున్న కవరును జమ్మలమడుగులోనే పారేయించింది వాణి. గుడ్డను నా చున్నీలో చుట్టి బ్యాగు అడుగున పెట్టింది. దువ్వెన కోసం వెతికితే అది జారి బండల మీద పడింది. వాళ్లమ్మ వంగి తీసింది. విప్పలేదు. మడత మీద వేలితో రాసి చూసింది, ఆ చివర నుంచి ఈ చివర దాకా.

"ఎంతకిచ్చినాడు?" అంది.

ఎవరు అని అడగలేదు. ఎక్కడ అని అడగలేదు. వాణి చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

"నూట నలభై" అన్నాను.

"చానా ఎక్కువ. వంద గూడా చెయ్యదు."

మిషను సొరుగులోంచి టేపు తీసింది. పొడుగాటి లెక్కల పుస్తకం తెరిచి, వాణి కొలతలున్న పేజీ తీసి పక్కన పెట్టుకుంది. "ఇట్లా వచ్చి వెలుగులో నిలబడు" అంది నాతో. పోయి నిలబడ్డాను. టేపు చల్లగా భుజం మీద పడింది.

"చెయ్యెత్తు పాపా."