అర్ధరాత్రి దాటిపోయిన నెల్లూరు

నిరుడు చెన్నైలో క్రూయిజ్ ఓడెక్కి విశాఖ వెళ్లాను. అర్ధరాత్రి డెక్కు మీద నిలబడి ఫోన్లో మ్యాప్ తీస్తే, మేం సరిగ్గా కృష్ణపట్నం పోర్టుకు ఎదురుగా ఉన్నాం. అదే మా నెల్లూరు జిల్లా అని పక్కనున్నాయనకు గొప్పగా చూపించాను. "అక్కడ ఆగదా?" అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు విశాఖలో దిగితే టెర్మినల్ బయట బస్సులు సిద్ధంగా ఉన్నాయి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి, భోజనం, మళ్లీ ఓడ. ఆ టెర్మినల్ 2023లో వచ్చింది కానీ ఊరు, హోటళ్లు, రోడ్లు అంతకుముందే ఉన్నాయి కదా.

మొన్న మేలో ఇంటికొచ్చినప్పుడు మైపాడు బీచికి వెళ్లాను. నెల్లూరులో మైపాడు గేటు దగ్గర ఆటోవాడు మనిషికి యాభై అన్నాడు. అంత తీసుకుని కూడా పదకొండు మందిని కుక్కాడు. నా కాళ్ల కింద రొయ్యల మేత బస్తా. ఆ కంపు ఇంటికొచ్చి స్నానం చేసినా వదల్లేదు. చిన్నప్పుడు మొలగొలుకుల వరి పండిన చోట ఇప్పుడు ఎటు చూసినా వనామీ రొయ్యల చెరువులు, ఏరేటర్ల చప్పుడు. పక్కన కూర్చున్నామె ఒళ్లో ఖాళీ నీళ్ల క్యాను. "బోరు నీళ్లు నోట్లో పెట్టలేం సామీ, ఉప్పు" అంది.

బీచిలో వంజరం పులుసు అడిగాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమన్న సంగతే మరిచాను. సముద్రం ఒడ్డున కూర్చుని 250 రూపాయలకు చెరువు శీలావతి తిన్నాను. మామిడికాయ ముక్క పడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే గొడవే. ఇక బాత్రూముకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.

ఒడ్డుకు లాగిన పడవ నీడలో ఒక పెద్దాయన కాలి బొటనవేలికి వల తగిలించి, బిగలాగి, చిరుగులు అల్లుతున్నాడు. టూరిస్టు ఓడలొస్తే బాగుంటుంది కదా అన్నాను.

"యాడ ఆగుద్ది అబ్బయ్యా? లోతుండేది కృష్ణపట్నంలో. ఆడ బొగ్గు దించతా ఉండారు. సరే, వెయ్యి మంది దిగారే అనుకో. తాగేదానికి నీళ్లేవి?"

నా దగ్గర జవాబు లేదు. తిరిగి చూస్తే బకింగ్‌హామ్ కాలువ. మా తాత చెప్పేవాడు, ఉప్పు బస్తాలు, సరుగుడు కట్టెలు పడవల్లో మద్రాసు పోయేవని. 2008లో దాన్ని జాతీయ జలమార్గం-4లో చేర్చారు. పేరు మాత్రం ఘనంగా ఉంది, కాలువేమో పూడిపోయింది. ఓడ సంగతి తర్వాత, ఈ పూడిక తీయిస్తే వేట లేని 61 రోజులూ ఈయనలాంటి వాళ్లే ఇందులో జనాన్ని తిప్పి నాలుగు డబ్బులు చూసుకోరా? పెద్దాయనతో అంటే తల కూడా ఎత్తలేదు.

కాసేపటికి తనే అడిగాడు.

"ఇంతకీ ఆ ఓడలో ఏం పెట్టారు?"

"రొయ్యల వేపుడు."

వల పక్కన పెట్టి నవ్వాడు. "మనయ్యేనా?"

అడగలేదని చెప్పాను. ఆఖరి ఆటో అని ఎవరో కేకేస్తే లేచాను. ఈసారి అరవై.