ఉత్తరం కిటికీ ఉన్న హాలు

పొద్దున లేవగానే హాల్లోకి వెళ్లి గోడ చూశాను. లప్పం, ప్రైమర్ అయిపోయిన గోడ మీద రెండు రకాల గ్రే రంగులు రెండడుగుల చతురస్రాలుగా వేసి, రెండేసి కోట్లు కొట్టి నిన్న పెయింటర్ వెళ్లాడు. షేడ్ కార్డులో రెండూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. ఈ రోజు మాత్రం అందులో ఒకటి ఏకంగా నీలంగా కనిపించింది. అమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడి, "గిదేంది బిడ్డా, ఇంట్లనే మొగులు పట్టినట్టున్నది" అన్నది.

నాకు నచ్చింది ఆ నీలపు గ్రేనే. హనుమకొండ ఎండాకాలం తలుచుకుని, కంటికైనా చల్లగా ఉంటుందనుకున్నాను.

పెయింటర్ వచ్చి, "తెల్ల కాగితం ఆనిచ్చి చూడు అక్కా" అన్నాడు. కాగితం పక్కన పెట్టగానే రంగుల అసలు గుణం బయటపడింది. ఒకదానిలో నీలం, రెండోదానిలో పల్చటి చాయ్ మరకంత గోధుమ ఛాయ. మా హాలు కిటికీ ఉత్తరం వైపు. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులోంచి ఎండ నేరుగా పడదు, ఆకాశం వెలుగే వస్తుంది. ఆ వెలుగులోనే నీలం ఉంటుంది. కింద నాన్న వేయించిన షాబాద్ బండలదీ నీలం కలిసిన బూడిద రంగే. పైన గోడ కూడా అదే అయితే అమ్మ పొద్దంతా కూర్చునే గది కళ తప్పిపోతుంది.

సోమవారం కదా, పదిన్నరకు వేయిస్తంభాల గుడికి పోయొచ్చాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. ఎన్నిసార్లు చూశానో ఆ రాళ్లను! ఈ రోజే గమనించాను, నీడలో ఉన్న స్తంభం నల్లగా, చల్లగా ఉంది. ఎండ తగిలిన చోట అదే రాయిలో కాస్త వెచ్చదనం వచ్చింది. బూడిద రంగు తన పక్కనున్న వెలుగును ఇంతగా తాగుతుందని చిన్నప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఇంకో టెన్షన్. 6500 కెల్విన్ల ఎల్ఈడీ, అంటే నీలం కలిసిన తెల్లటి వెలుగునిచ్చే బల్బు, వెయ్యగానే గోధుమ ఛాయ గ్రే కూడా పాలిపోయింది. పసుపు వెలుగునిచ్చే 3000ది పెడితే గోడ బాగుంది కానీ, అమ్మకు సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. చివరికి ఆ రెంటికీ మధ్యస్థంగా 4000 బల్బు తెచ్చాను. గోడా బాగుంది, అమ్మకు దారమూ ఎక్కింది.

హాలుకు గోధుమ ఛాయ ఉన్న వెచ్చటి గ్రే ఖాయం చేశాను. నీలపు గ్రేను వదులుకోబుద్ధి కాలేదు. పడమటి పడకగదిలో మధ్యాహ్నం నుంచి పసుపు ఎండ దండిగా పడుతుంది, అక్కడికి అది సరిపోతుంది.

ఫోన్ చేసి చెబితే పెయింటర్ రెండు షేడ్ల నంబర్లూ ఆయా గోడల మీద పెన్సిల్‌తో రాసి పెట్టమన్నాడు. హాల్లో నేను రాస్తుంటే అమ్మ దగ్గరికి వచ్చి, ఆ అంకెలు ఒక్కొక్కటీ చదివి, "రేపు పొద్దుగాల్నే వస్తడా?" అని అడిగింది.