కైట్‌బోర్డర్లకు లైఫ్ జాకెట్ తప్పనిసరి అన్నప్పుడు: నా అనుభవం

కైట్‌బోర్డింగ్ అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే కాళ్ల కింద బల్లతో నీళ్ల మీద జారే ఆట. మేం అది ఆడే తీరం శాన్‌ఫ్రాన్సిస్కో బేకి తూర్పు ఒడ్డున ఉంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం అయ్యేసరికి గోల్డెన్ గేట్ సందులోంచి పడమటి గాలి తోసుకొస్తుంది. ఆఫీసు అయిపోగానే కారులో పంపు, కైట్ వేసుకుని పరుగెత్తేవాళ్లలో మన తెలుగువాళ్లు కూడా కొందరున్నాం. అక్కడ పోయిన సీజన్ మొదట్లో, తీరాన్ని చూసుకునే స్థానిక పార్కుల సంస్థ ఒక ప్రతిపాదన అంటించింది. ఇక్కణ్ణుంచి నీళ్లలోకి దిగే ప్రతి కైట్‌బోర్డరూ కోస్ట్ గార్డ్ (అమెరికా తీర రక్షక దళం) ఆమోదించిన టైప్ 1, టైప్ 2 లేదా టైప్ 3 (తేల్చే తీరును బట్టి పెట్టిన రకాలు) లైఫ్ జాకెట్ నీళ్లలో ఉన్నంతసేపూ వేసుకునే ఉండాలి. లేకపోతే జరిమానా.

ఆ సాయంత్రమే మా వాట్సాప్ గ్రూపు అంటుకుంది. నెల్లూరు తమ్ముడొకడు నాకు విడిగా ఫోన్ చేశాడు. "అన్నా, పక్కన విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్లకి లేని రూలు మనకెందుకు? మనమేమన్నా ఈత రానోళ్లమా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు నాకు తెలియదు కాబట్టి అసలు చట్టం తీసి చదవడం మొదలుపెట్టాను.

అమెరికాలో విహార పడవల మీద లైఫ్ జాకెట్ల సంగతి ఫెడరల్ నిబంధనల 33వ టైటిల్, 175వ భాగంలో ఉంటుంది. పడవలో ఎంతమంది ఉంటే అన్ని జాకెట్లు ఉండాలి. 13 ఏళ్ల లోపు పిల్లలైతే, పడవ కదులుతున్నప్పుడు డెక్ మీద ఉంటే వేసుకునే ఉండాలి. ఆ భాగంలోనే కొన్ని మినహాయింపులున్నాయి, అందులో సెయిల్‌బోర్డ్ ఒకటి. సెయిల్‌బోర్డ్ అంటే ఏమిటో కూడా అక్కడే రాశారు: పక్కగోడల్లాంటి అంచు లేని బల్ల, దానికి ఎటైనా తిరిగే తెరచాప కొయ్య, ఆ కొయ్యని బల్లకి తాళ్లతో బిగించి ఉండకూడదు. విండ్‌సర్ఫర్ అందులో అచ్చంగా సరిపోతాడు. మాకు కొయ్యే లేదు. మా గాలిపటం ఇరవై మీటర్ల పైచిలుకు తాళ్ల చివర ఆకాశంలో ఉంటుంది. కాబట్టి ఆ మినహాయింపు మాకు వర్తించదు. మరోవైపు, నీటి మీద ప్రయాణానికి పనికొచ్చే ప్రతి సాధనాన్నీ అమెరికా చట్టం నౌకగానే లెక్కిస్తుంది. 2008లో స్టాండప్ పాడిల్‌బోర్డ్‌ల (నిలబడి తెడ్డు వేసే బల్లల) విషయంలో కోస్ట్ గార్డ్ ఇదే వరస పట్టింది: ఈత కొట్టే చోటు, అలల మీద ఆడే చోటు దాటి బయటికి పోతే అది నౌకే అంది, అంటే జాకెట్ల రూలు దానికీ వర్తిస్తుంది. మా తీరంలో గస్తీ తిరిగేవాళ్లు కైట్‌బోర్డ్‌నీ అలాగే చూస్తారు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పెద్దవాళ్లకి ఫెడరల్ రూలు అడిగేది జాకెట్ వెంట ఉండాలని మాత్రమే, వేసుకోమని కాదు. కానీ 140 సెంటీమీటర్ల బల్ల మీద జాకెట్ ఎక్కడ దాస్తాం? మా విషయంలో వెంట ఉండటమూ ఒంటి మీద ఉండటమూ ఒకటే. ఈ ఒక్క సంగతి గ్రూపులో చెప్పాక సగం గొడవ చల్లారింది. పార్కు సంస్థ పెట్టబోయేది బొత్తిగా కొత్త భారం కాదని చాలామందికి అప్పుడు అర్థమైంది.

విండ్‌సర్ఫర్లని వదిలేసి మమ్మల్ని పట్టుకోవడంలో న్యాయం లేదా అంటే, ఉందనే నా అభిప్రాయం. విండ్‌సర్ఫర్ కింద పడితే తెరచాప నీళ్లలో పడి లంగరులా ఆపుతుంది, బల్ల దాన్ని అంటుకునే ఉంటుంది, ఎక్కి కూర్చోవచ్చు. మేం పడితే బల్ల ఒకవైపు, మనిషి ఒకవైపు. బల్లని ఒంటికి లీష్‌తో (సాగే తాడుతో) కట్టుకుంటే అది సాగి వచ్చి తలకి కొడుతుందని దాన్ని మానేశాం. గాలి నింపిన కైట్ తెప్పలా తేలుతుంది, నిజమే. ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన లెగైన్యూ సోదరులు 1984లో పేటెంట్ తీసుకున్న ఆలోచన అదే, నీళ్లలో పడినా మళ్లీ లేచే కైట్. కానీ ప్రమాదంలో కైట్‌ని ఒంటినుంచి విడదీసే ఆఖరి రిలీజ్ కూడా లాగేసి కైట్‌ని పూర్తిగా వదిలేయాల్సి వస్తే ఆ తెప్ప గాలికి కొట్టుకుపోతుంది. అప్పుడు మిగిలేది ఒంటి మీదున్నదే.

బే నీళ్లు వేసవిలోనూ చల్లగానే ఉంటాయి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో పనిచేసిన పరిశోధకుడు గీస్‌బ్రెక్ట్ చన్నీళ్ల గురించి చెప్పిన 1-10-1 లెక్కని నేను కొత్తవాళ్లందరికీ చెబుతాను. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు మాట వినే సమయం పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. గడ్డకట్టే చలి నీళ్ల కోసం వేసిన లెక్క అది, బేలో ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది, వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు దుస్తులు) ఇంకొంత కలుపుతుంది. కానీ వరస మారదు: చేతులు ముందు పోతాయి, ఈత వచ్చినా రాకపోయినా. కోస్ట్ గార్డ్ ఏటా వేసే పడవ ప్రమాదాల లెక్కల్లో, మునిగి చనిపోయినవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే. మా తమ్ముడికి జవాబు అదే చెప్పాను.

అంతమాత్రాన ప్రతిపాదనని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలని నాకు అనిపించలేదు. అందులో రాసిన టైప్‌ల జాబితా పడవలో కూర్చుని వెళ్లేవాళ్లని మనసులో పెట్టుకుని రాసినది. మామూలు టైప్ 3 జాకెట్ నురుగు (ఫోమ్) బొడ్డు దాకా వస్తుంది. కైట్ లాగుడుని మోసే మా నడుము పట్టీ, అంటే హార్నెస్, దాని కొక్కెం సరిగ్గా అక్కడే ఉంటుంది, దాని ముందే క్విక్ రిలీజ్, నెట్టగానే కైట్ లాగుడు ఆపే పిడి. కైట్ పైకి లాగినప్పుడు హార్నెస్ పక్కటెముకల దాకా జరుగుతుంది, జాకెట్‌ని గడ్డం కిందికి నెడుతుంది. అప్పుడు కిందికి చూస్తే ఎర్రటి రిలీజ్ పిడి కనపడదు, గుడ్డే కనపడుతుంది. మనిషిని కాపాడే మొదటి సాధనం ఆ పిడి. దాన్ని మూసేసే జాకెట్ వేసుకోమంటే ఒక ప్రమాదం తప్పించబోయి ఇంకోటి తెచ్చిపెట్టినట్టే.

కాబట్టి రెండు పనులు పెట్టుకున్నాం. రూలుకి సరిపోయి మా పనికీ సరిపోయే జాకెట్ ఉందో లేదో తేల్చుకోవడం, తర్వాత రూలు మాటల్ని సరిచేయించడం.

మాలో చాలామంది వేసుకునేది ఇంపాక్ట్ వెస్ట్. పలచటి నురుగు, పక్కటెముకలకి దెబ్బ తగలకుండా కాపాడుతుంది. తేలడానికి చేసినది కాదు, చాలావాటికి కోస్ట్ గార్డ్ ఆమోదం లేదు. యూరప్ నుంచి తెచ్చుకున్నవాటి మీద ఐఎస్‌ఓ 12402-5 (ఒక అంతర్జాతీయ ప్రమాణం), 50 న్యూటన్లు (తేల్చే బలం కొలత) అని ఉంటుంది. అవి తేల్చేవే, కానీ ఇక్కడి ఆమోదానికి ఆ ముద్ర చాలదు. ఆమోదం ఉన్నదైతే లోపలి లేబుల్ మీద 160తో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య చదవడానికి వీలుగా ఉండాలని కూడా నిబంధన. ఒంటికి గుచ్చుకుంటోందని లేబుల్ కత్తిరించేసినవాళ్లు మా గ్రూపులోనే ఉన్నారు. వాళ్ల జాకెట్ ఎంత మంచిదైనా లెక్కలోకి రాదు. ఇప్పుడు టైప్ నంబర్ల చోట 70, 100 లాంటి స్థాయిలు వస్తున్నాయి. 70 అంటే 70 న్యూటన్లు, పాత టైప్ 3 అడిగే 15.5 పౌండ్లకి ఇంచుమించు సమానం. పెద్దమనిషి తల నీటి పైన నిలవడానికి 7 నుంచి 12 పౌండ్ల తేలే బలం చాలంటారు.

షాపులో కుర్రాడు ముందుగా నడుముకి కట్టుకునే సంచి తరహా గాలి జాకెట్ చూపించాడు. చిన్నది, తేలిక. కానీ నడుము హార్నెస్‌ది. పైగా తాడు లాగి, ఉబ్బాక తల మీదుగా తొడుక్కోవాలి. దెబ్బ తగిలిన మనిషి అది చేయలేడు. నీళ్లు తగలగానే దానంతటదే ఉబ్బే రకమైతే మొదటి పడడానికే ఉబ్బిపోతుంది. రెండూ వద్దనుకుని కయాక్ (సన్నటి తెడ్డు పడవ) వాళ్ల జాకెట్ల వరసకి వెళ్లాను. అవి పొట్టివి, నురుగు అంతా ఛాతీ మీదే, కింద అంచు పైకి కత్తిరించి ఉంటుంది.

కొనేముందు హార్నెస్ షాపుకే పట్టుకెళ్లాను, ఇది అందరికీ చెప్పే సలహా. వెట్‌సూట్, దాని మీద హార్నెస్, దాని మీద జాకెట్. పట్టీలన్నీ బిగించాక కుర్రాణ్ణి వెనకనుంచి జాకెట్ భుజాలు పట్టి, చంటిపిల్లాణ్ణి చంకల్లో చేతులేసి ఎత్తినట్టు, పైకి లాగమన్నాను. జాకెట్ చెవుల దాకా వస్తే అది నా కొలత కాదు. తర్వాత హార్నెస్ కొక్కెం పట్టుకుని పైకి లాగించుకున్నాను, కైట్ లాగినట్టు. కళ్లు మూసుకుని కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి రిలీజ్ ఉండే చోటు వెతికాను. అంచు వేలికి అడ్డొచ్చినవన్నీ పక్కన పెట్టేశాను. చివరికి ఒకటి నిలిచింది, స్థాయి 70, ప్రక్కలకి బిగించే పట్టీలున్నది.

నీళ్లలో పరీక్ష నడుము లోతులో, ఒడ్డు మీదికి వీచే గాలిలో చేశాం. మా తమ్ముడు పక్కనే నిలబడ్డాడు. రిలీజ్ నెట్టాను, కైట్ ఒక్క తాడు మీద చదునుగా పడిపోయింది. వెల్లకిలా పడుకుని బార్‌కి (కైట్‌ని నడిపే కడ్డీకి) తాళ్లు చుట్టుకుంటూ కైట్ దాకా వెళ్లాను. అంతకుముందు ఇంపాక్ట్ వెస్ట్‌తో ఇదే పని చేస్తే ప్రతి చుట్టుకీ మూతిలోకి నీళ్లొచ్చేవి. ఇప్పుడు రెండు చేతులూ పనికే దొరికాయి. బల్ల కోసం బాడీ డ్రాగ్ చేసేటప్పుడు, అంటే బల్ల లేకుండా కైట్‌తో ఒంటినే నీళ్లలో లాగించుకునేటప్పుడు, ఒళ్లు నీటిపైన ఎక్కువ తేలడంవల్ల గాలికి ఎదురెళ్లడం కొంచెం కష్టమైంది, రెండు మలుపులు ఎక్కువ పడ్డాయి. పసిఫిక్ వైపు పెద్ద అలలున్న చోటైతే అల కిందికి మునిగి తప్పించుకోవడం ఈ జాకెట్‌తో కుదరదు. అది నిజమైన లోటే, అలాంటి తీరాలకి వేరే ఆలోచన చేయాలి. మా చోట చిల్లర అలలే. ఇంకోటి: టైప్ 3 స్పృహ లేనివాణ్ణి వెల్లకిలా తిప్పుతుందన్న హామీ లేదు. అందుకే ఒంటరిగా దిగే అలవాటు మానుకోమని జాకెట్ వేసుకున్నవాళ్లకీ చెబుతున్నాను.

ఇక రూలు మాటలు సరిచేయించడానికి పార్కుల సంస్థ బోర్డు సమావేశానికి వెళ్లిన సంగతి. గ్రూపులో ఒక వర్గం కోర్టుకి వెళ్దామంది. వాళ్ల వాదనలో బలం ఉంది. కాలిఫోర్నియా నౌకాశ్రయాల చట్టం 660వ సెక్షన్ ప్రకారం, నీటి మీద పడవలకి స్థానిక సంస్థలు పెట్టే రూళ్లు వేళలు, వేగం, ప్రత్యేక ప్రాంతాలు, పరిశుభ్రత, కాలుష్యం దాటి పోకూడదు. జాకెట్ అందులో లేదు. కానీ ఒడ్డు వాళ్లది. గెలిచినా, ఆ ఒడ్డు మీద కైట్ ఎగరేయడమే నిషేధిస్తే ఏం చేస్తాం? గెలిచి తీరం పోగొట్టుకోవడంకంటే మాట సరిచేయించుకోవడం మేలని నేను గట్టిగా వాదించాను. చాలామంది సరేనన్నారు.

1953 నాటి కాలిఫోర్నియా బ్రౌన్ చట్టం ఇక్కడ మాకు అండ. స్థానిక బోర్డు మామూలు సమావేశం అజెండా 72 గంటల ముందు అందరికీ కనపడేలా పెట్టాలి, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. సమావేశానికి ముందే ప్రతిపాదన రాసిన ఉద్యోగినికి ఉత్తరం రాసి, తీరానికి రమ్మని పిలిచాం. ఆవిడ వచ్చింది. పడవలు దించే చోటి రూళ్ల నుంచి టైప్‌ల జాబితా తీసుకున్నానని చెప్పింది. పొడుగు జాకెట్‌ ఒకటి, పొట్టి జాకెట్‌ ఒకటి మాలో ఇద్దరికి తొడిగి, హార్నెస్ పైకి లాగి చూపించాం. పొడుగుదాని కింద రిలీజ్ కనపడక ఆవిడే వంగి వెతికింది. ఆ తర్వాత మేం చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది.

బోర్డు ముందు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఒక్కొక్కరం ఒక్క విషయమే పంచుకున్నాం. నా వంతు రిలీజ్ గురించి. కైట్ రిలీజ్‌లకి 2020లో ఐఎస్‌ఓ 21853 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందనీ, ప్రమాణం పెట్టి మరీ తయారుచేసిన పిడిని జాకెట్ మూసేయకూడదనీ చెప్పాను. మొదటి వాక్యంలోనే జాకెట్ వేసుకోవాలన్న మాటకి మేం వ్యతిరేకం కాదన్నాను. ఆ మాట విన్నాక బోర్డు సభ్యులు మిగతాది శ్రద్ధగా విన్నారు.

మారింది ఏమిటంటే, టైప్ నంబర్లు తీసేశారు. ఆమోద సంఖ్య చదవగలిగేలా ఉన్న జాకెట్ ఏదైనా సరే, లేబుల్ దాన్ని ఆ పనికి వద్దనకపోతే చాలు. హార్నెస్ రిలీజ్‌ని కప్పకూడదన్న వాక్యం చేర్చారు. మేం అడగకపోయినా విజిల్ కూడా కలిపారు, అది మంచిదే. ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో నేర్చుకునేవాళ్లకి సడలింపు అడిగితే ఒప్పుకోలేదు. యూరప్ నుంచి వచ్చే అతిథుల 50 న్యూటన్ల వెస్ట్‌లూ ఒప్పుకోలేదు. ఆ రెండోది సరైన నిర్ణయం కాదని ఇప్పటికీ అంటాను. బయటి దేశంనుంచి వారానికి వచ్చినవాడు కొత్త జాకెట్ కొనడు, ఏ జాకెట్టూ లేకుండా గస్తీ లేని పక్క తీరంలో దిగుతాడు. దాని మీద ఇంకో ఉత్తరం తయారవుతోంది. అందాకా అతిథులకి అరువివ్వడానికి వేరువేరు కొలతల్లో పొట్టి జాకెట్లు గ్రూపు డబ్బుతో కొని పెట్టాం, శని ఆదివారాల్లో ఎవరు ముందు వస్తే వాళ్ల కారులో ఉంటాయి.