ఎవరితో అంది మేడమ్?

మంగళవారం, రాత్రి పదిన్నర

ఈ వారం ప్రేయర్ డ్యూటీ నాది. వందేమాతరం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ అయ్యాక నేటి వార్తలు, ఆ తర్వాత నేటి సూక్తి. ఇవాళ సూక్తి చదివే వంతు తొమ్మిదో తరగతి అమ్మాయిది. వాళ్ళమ్మ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చూసి నోట్సు కాయితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చింది. ధైర్యం, ఆకాశం, రెక్కలు అన్నీ ఉన్న వాక్యం. చివర ఒక ప్రసిద్ధ మహిళ పేరు. గట్టిగా, తడబడకుండా చదివింది. అందరం చప్పట్లు కొట్టాం.

లైన్లు కదిలి తరగతులకి వెళ్తుంటే ఆరో తరగతి పిల్ల ఒకతి నా దగ్గర ఆగిపోయింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, భుజం మీంచి జారిపోతున్న బ్యాగు.

"మేడమ్, ఆ మాట ఆవిడ ఎవరితో అంది?"

"అందరితోనూ," అన్నాను.

"అందరితో ఒకేసారి ఎలా అంటారు మేడమ్? మీటింగులోనా?"

నా దగ్గర జవాబు లేదు. "కనుక్కుని చెప్తాను, క్లాసుకి వెళ్ళు," అన్నాను. వెళ్ళింది కానీ, వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. చెప్తుందా చెప్పదా అని అంచనా వేసుకున్నట్టుంది.

స్టాఫ్ రూంలో కూర్చుని ఆ కాయితం మళ్ళీ చదివాను. ఎవరితో అందో, ఎప్పుడు అందో, అసలు అందో లేదో ఆ వాక్యంలో ఎక్కడా ఆనవాలు లేదు. ఏ పేరు పెట్టినా అతుక్కుపోయేలా ఉంది. ఇన్నేళ్ళుగా నల్లబల్ల మీద ఎడంవైపు పైన చిన్న గీత గీసి రోజూ ఒక సూక్తి రాయిస్తున్నాను. ఆ పిల్ల అడిగింది నేనెప్పుడూ అడగలేదు. మాట ఎవరో ఒకరి ముఖం చూసి పుడుతుంది. కోపంతోనో, నవ్వుతోనో, తప్పించుకోలేకో అంటాం. ఆ ఎదుటి మనిషిని తీసేసి మాట ఒక్కటే బల్ల మీద రాస్తే పిల్లలకి అది ఎలా అంటుతుంది?

లెక్కల మాస్టారు సెలవు కాబట్టి రెండో పీరియడ్ ఆరో తరగతికి నేనే వెళ్ళాలి. మంచిదైంది.

వెళ్ళగానే బల్ల మీద ఇలా రాశాను: "టికెట్ లేకుండా ఎవర్నీ పంపొద్దన్నారు, పంపలేదు." ఇది సూక్తేనా అని అడిగాను. కాదన్నారందరూ. బస్ కండక్టర్ మాటలా ఉందన్నాడు ఒకడు. నిజమే, ఉత్తినే చదివితే అందులో ఏమీ లేదు. ఆవిడ సరిగ్గా ఈ మాటలతోనే అని ఉండకపోవచ్చనీ, తాత్పర్యం మాత్రం ఇదేననీ చెప్పి కథ మొదలుపెట్టాను.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. దేశం నలుమూలల నుంచీ నాయకులొచ్చారు. మహాసభలతో పాటు ఖాదీ ప్రదర్శన పెట్టారు. దాని గేటు దగ్గర వాలంటీరుగా ఒక అమ్మాయిని నిలబెట్టి, టికెట్ లేనివాళ్ళని లోపలికి పంపొద్దని చెప్పారు. రాజమండ్రిలో పుట్టిన పిల్ల, పేరు దుర్గాబాయి. పద్నాలుగేళ్ళు.

"కాకినాడంటే మన కాకినాడేనా మేడమ్?" మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలో కాకినాడ.

మన కాకినాడే. ఆ గేటు దగ్గరికి ఒకాయన వచ్చాడు. టికెట్ లేదు. ఈ పిల్ల ఆపేసింది. ఆయన జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి, ఎవర్ని ఆపావో తెలుసా అని కోప్పడ్డారు. మీరు చెప్పిందే చేస్తున్నానంది. చివరికి వాళ్ళే టికెట్ కొనిచ్చాక నెహ్రూ లోపలికి వెళ్ళాడు. డ్యూటీ ధైర్యంగా చేసిందని ఆ పిల్లని మెచ్చుకున్నాడు కూడా.

క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఒకటే గోల. నెహ్రూకి కోపం రాలేదా? టికెట్ ఎంత? ఆ అమ్మాయిని తర్వాత ఏమన్నారు? ఎర్ర రిబ్బన్ల పిల్ల మాత్రం బల్ల మీది వాక్యాన్నే చూస్తోంది. "ఇప్పుడు ఇది సూక్తే మేడమ్," అంది నెమ్మదిగా.

ఆవిడ పెద్దయ్యాక ఏం చేసిందో కూడా చెప్పాను. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్ళిని కాదనుకుంది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్ళింది, లా చదివింది, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఇవి గబగబా చెప్పేశాను. పిల్లలకి గేటు కథే కావాలి. "మళ్ళీ చెప్పండి మేడమ్" అని రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండోసారి చెప్పేటప్పుడు కుడి చెయ్యి అడ్డంగా చాచి గేటులా నిలబడి చెప్పాను. నాకూ ఒంట్లో ఏదో కదిలినట్టయింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూంలో క్యారేజీలు విప్పుకుంటూ ఈ సంగతంతా చెప్పాను. సైన్స్ మేడమ్‌కి వెంటనే సరోజినీ నాయుడు గుర్తొచ్చింది. గాంధీగారిని పేదరికంలో ఉంచడానికి ఎంత ఖర్చవుతోందో అని ఆవిడ అన్నదట కదా, అంత పెద్దాయన్ని అలా అనొచ్చా అని ఆమె సందేహం. ఆ మాటని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. కానీ వాళ్ళిద్దరి మధ్య చనువెంతో తెలిస్తే అందులో అమర్యాద కనిపించదు. వాళ్ళ మొదటి పరిచయం గురించి ఆవిడే రాసుకుంది. 1914, లండన్. గాంధీగారి బస వెతుక్కుంటూ మెట్లెక్కి వెళ్తే తలుపు తెరిచే ఉంది. గుండు చేయించుకున్న ఒక చిన్న మనిషి నేల మీద జైలు కంబళి పరుచుకుని, చెక్క గిన్నెలో నలిపిన టమాటాలూ ఆలివ్ నూనే కలుపుకుని తింటున్నాడు. చుట్టూ డబ్బాల్లో వేయించిన వేరుశనగలు, అరటికాయ పిండితో చేసిన బిస్కెట్లు. ఈవిడ ఆపుకోలేక పకపకా నవ్వేసింది. ఆయన తలెత్తి, "మీరు మిసెస్ నాయుడే అయ్యుండాలి, ఇంకెవరికి ఇంత ధైర్యం! రండి, నాతో పాటు తినండి" అన్నాడు. వద్దు బాబూ, చూడ్డానికే ఘోరంగా ఉంది అందావిడ. ఆ క్షణం నుంచే స్నేహితులయ్యారు. ముప్ఫై ఏళ్ళు దాటి సాగిన స్నేహం. ఆయన్ని మిక్కీ మౌస్ అనేది. ఆయన ఈవిణ్ణి బుల్‌బుల్ అని ఉత్తరాలు రాసేవాడు.

నాకు ఆవిడంటే అసలు గౌరవం పెరిగింది ఈ చతుర్ల వల్ల కాదు, ధరాసన వల్ల. 1930 మే నెల, గాంధీగారు అప్పటికే జైల్లో ఉన్నారు. గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొఠార్ల మీదికి వెళ్ళబోయే సుమారు రెండున్నర వేల మంది వాలంటీర్ల ముందు ఆవిడ నిలబడింది. గాంధీ శరీరం జైల్లో ఉంది, ఆత్మ మీతో ఉంది, మిమ్మల్ని కొడతారు, మీరు ఎదిరించకూడదు, దెబ్బ తప్పించుకోడానికి చెయ్యి కూడా ఎత్తకూడదు అని చెప్పింది. వెబ్ మిల్లర్ అనే అమెరికన్ విలేఖరి అక్కడే ఉండి విని రాశాడు. ఆ తర్వాత లాఠీల కింద వాళ్ళు వరసలు వరసలుగా కూలిపోవడం కూడా ఆయనే ప్రపంచానికి చెప్పాడు. ఒక్క చెయ్యి లేవలేదు. టమాటాల గిన్నె చూసి పకపకా నవ్విన మనిషే ఈ మాటా అంది. నవ్వించగల మనిషి మాట కాబట్టే వాళ్ళంతా అంతగా నమ్మి నడిచారేమో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆవిడ పెళ్ళి దగ్గరుండి జరిపించింది మన వీరేశలింగం పంతులుగారేనని తెలుగు మాస్టారు గుర్తుచేశారు. పెరుగన్నం కలుపుకుంటూ ఆయనే మొల్లనీ తెచ్చారు. "మన ఆడవాళ్ళ చమత్కారం గురించి మాట్లాడుతూ మొల్లని వదిలేస్తారేంటి మేడమ్?" రామాయణం మొదలుపెడుతూనే ఆవిడ, తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు అర్థం చప్పున తెలియాలి, గూఢమైన మాటలు పేర్చిన కావ్యం మూగచెవిటివారి ముచ్చటే అవుతుంది అంది. మాస్టారు పద్యం రాగం తీసి పాడారు. ఎవరితో అంది మాస్టారూ అని అడిగాను. "ఇంకెవరితో? అర్థం కాకుండా రాసేదే గొప్ప అనుకునే పండితులతో. అదీ, నాకు శాస్త్రాలేవీ రావని ముందే చెప్పుకుని మరీ అంది," అన్నారు. కుమ్మరింటి ఆడపిల్ల అన్నేసి శాస్త్రాలు చదివినవాళ్ళ ముఖం మీద ఆ మాట అనగలిగింది. ఆ పద్యం రేపటికి బల్ల మీద రాయమని మాస్టారికే అప్పజెప్పాను.

ఆఖరి పీరియడ్ తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం. రొట్టె దొరక్కపోతే కేకు తినమన్న ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోయినెట్ మాట ఈ పాఠంలో ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చాను. పిల్లలు ఠక్కున పట్టుకుంటారు, పాఠం గుర్తుంటుంది. ఇవాళ ఉదయం నుంచీ ఆ చిన్నపిల్ల ప్రశ్న చెవిలో ఉండబట్టి నోరు తెరిచే ముందు ఆగాను. ఆ మాట రచయిత రూసో తన ఆత్మకథలో రాశాడు. ఒక గొప్ప యువరాణి అందట అన్నాడే తప్ప పేరు పెట్టలేదు. ఆ భాగం ఆయన రాసేనాటికి మేరీ ఆంటోయినెట్ ఇంకా ఆస్ట్రియాలో ఉన్న చిన్నపిల్ల. 1755లో పుట్టింది, ఫ్రాన్స్‌కి కోడలుగా వచ్చింది 1770లో. అనని మాట ఆమెకి అంటగట్టారు. 1793లో ఆమె తల తెగిపడినా ఆ మాట మాత్రం ఆమెని వదల్లేదు. తప్పులు లేని మనిషి అని కాదు. ప్రజలు ఆకలితో ఉంటే ఆ రాజభవనం ఖర్చెంతో పాఠంలోనే ఉంది. కానీ చేసినదానికి తిట్టాలి, అననిదానికి కాదు.

పిల్లలకి ఇదంతా చెప్పి, ఇన్నేళ్ళూ నేను తప్పు చెప్పానని కూడా చెప్పాను. ఉదయం సూక్తి చదివిన అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మరి నేను చదివింది?" తెలియదమ్మా, ఇద్దరం కలిసి వెతుకుదాం అన్నాను. దానికి బాధేమీ కలగలేదు, పైపెచ్చు ఉత్సాహం వచ్చింది. లైబ్రరీ బీరువా తాళం ఇమ్మంది, ఇచ్చాను.

ఇంటికొచ్చి టీ పెట్టుకుని అత్తయ్యగారి పక్కన కూర్చున్నాను. ఆవిడకి వినికిడి మిషన్ ఉంది. టీవీ సీరియల్ అయ్యే టైముకి తీసి డబ్బాలో పెట్టేస్తారు, మాట్లాడాలనుకున్నప్పుడు మళ్ళీ పెట్టుకుంటారు. ఇవాళ పెట్టుకున్నారు. అమెరికా సుప్రీంకోర్టులో జడ్జిగా చేసిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ గురించి చెప్పాను. ఆ కోర్టులో మొత్తం తొమ్మిది మంది జడ్జీలు. ఎంతమంది ఆడవాళ్ళుంటే సరిపోతుంది అని అడిగితే, తొమ్మిది మందీ ఉన్నప్పుడు అనేది. జనం అదిరిపడేవాళ్ళు. తొమ్మిది మందీ మగవాళ్ళే ఉన్నప్పుడు ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు కదా అనేది ఆవిడ.

అత్తయ్యగారికి ఇది నచ్చింది కానీ, కళ్ళు మెరిసింది మాత్రం తర్వాతి దానికి. 1954లో గిన్స్‌బర్గ్ పెళ్ళిరోజున వాళ్ళత్తగారు పక్కకి పిలిచి ఒక మాట చెప్పిందట: మంచి కాపురంలో అప్పుడప్పుడూ కొంచెం చెవుడు ఉండటం మేలు అని. యాభై ఆరేళ్ళ కాపురంలోనూ, కోర్టులో కూడా ఆ సలహా పాటించానని ఆ జడ్జిగారు రాసింది. ఎవరైనా దురుసుగా ఒక మాట అంటే వినపడనట్టు ఊరుకోవడమే, కోపంతో జవాబిస్తే ఎదుటివాళ్ళని ఒప్పించలేం అని.

అత్తయ్యగారు కాసేపు ఆలోచించారు. మిషన్ని వేలితో సవరించుకున్నారు. "కొంచెం అంది చూశావా, పూర్తిగా అనలేదు. కొంచెం ఎంతో తెలుసుకోడానికే నాకు నలభై ఏళ్ళు పట్టింది," అన్నారు.

ఆ మాట నా పుస్తకంలో రాసుకున్నాను. కింద ఆవిడ పేరు, ఇవాళ్టి తేదీ, నాతో అన్నారని.

రాత్రి భోజనాలయ్యాక స్టోర్ గదిలోంచి వైరు చుట్ట తీశాను. మొన్న వైరింగ్ చేయించినప్పుడు మిగిలిన ఎర్ర వైరు. గ్రేస్ హాపర్ అమెరికా నౌకాదళంలో పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త. ఆవిడ ఆఫీసులో గోడ గడియారం ముళ్ళు వెనక్కి తిరిగేవి. ఎప్పటి నుంచో ఇలాగే చేస్తున్నాం అనే మాట ఆవిడకి పడేది కాదు, అందుకని. ఉపన్యాసాలకి వెళ్ళినప్పుడల్లా చిన్న వైరు ముక్కలు కోసి పంచేది. ఒక్కోటి 11.8 అంగుళాలు. సెకనులో వంద కోట్లవ వంతుని నానోసెకను అంటారు. ఆ కాస్తలో కాంతి ఎంత దూరం పోగలదో అంత పొడవన్నమాట. మైక్రోసెకను, అంటే వెయ్యి నానోసెకన్లు, చూపించాలంటే 984 అడుగుల వైరు చుట్ట ఎత్తి చూపించేది. ఉపగ్రహం ద్వారా సందేశం పంపితే ఎందుకింత ఆలస్యం అని పెద్ద ఆఫీసర్లు విసుక్కుంటే, ఇక్కడికీ ఉపగ్రహానికీ మధ్య ఇలాంటివి చాలా ఉన్నాయని ఈ ముక్క చూపించి చెప్పండి అనేది. 79 ఏళ్ళ వయసు దాకా నౌకాదళంలోనే ఉంది. రియర్ అడ్మిరల్ అయి రిటైరయింది.

స్కేలు పక్కన పెట్టుకుని ముప్ఫై సెంటీమీటర్ల దగ్గర గుర్తుపెట్టి ఒక్కొక్కటీ కత్తిరించాను. వైరు చుట్టుకుపోతుంటే మావారు ఒక కొస పట్టుకున్నారు. ఇది దేనికని అడిగితే ఆయనకీ కథంతా చెప్పాను. ఆరో తరగతిలో నలభై ఒక్క మంది. నలభై ఒక్క ముక్కలు రబ్బరు బ్యాండు వేసి, నలగకుండా అట్టల మధ్య పెట్టి, బ్యాగులో టిఫిన్ బాక్సు పక్కన సర్దాను. ఇంకొకటి తొమ్మిదో తరగతి అమ్మాయికి కోశాను, బీరువా తాళం తిరిగిచ్చేటప్పుడు ఇవ్వాలి.

పొద్దున్నే ప్రేయర్ బెల్లుకి ముందే వెళ్ళాలి. మాస్టారు మొల్ల పద్యం రాస్తుంటే కింద ఇంకో వరస కొంచెం ఖాళీ వదలమనాలి, ఎవరితో అందో రాయడానికి.