ఎండకు పోయిన నాలుగు సంతకాలు

మా మేనమామ పోయాక ఆయన వస్తువుల్లో నాకు దక్కింది ఒక్క క్రికెట్ బ్యాటే. దాని మీద పదకొండు సంతకాలు. అది తన చేతికి ఎలా వచ్చిందో నా చిన్నప్పుడు చాలాసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ కథ కాస్త పెరిగేది. అంత అపురూపమైన దాన్ని నేనేం చేశానంటే, గాజు షోకేసులో, సరిగ్గా కిటికీకి ఎదురుగా నిలబెట్టాను. ఇంటికి వచ్చినవాళ్లకు కనబడాలి కదా! తొమ్మిదేళ్ల తర్వాత దుమ్ము దులుపుదామని బయటికి తీసి లెక్కపెడితే ఏడే ఉన్నాయి.

పోయిన నాలుగింట్లో మూడు స్కెచ్‌పెన్నువి, ఒకటి బాల్‌పెన్నుది. స్కెచ్‌పెన్ను రంగు ఎండకు అసలు ఆగదు. కానీ బాల్‌పెన్ను రాసేటప్పుడు చెక్కను కొంచెం నొక్కుతుంది. రంగు వెలిసినా ఆ గాడి పోదు. ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, టార్చి బ్యాటుకు దాదాపు ఆనించినట్టు పెట్టి పక్కనుంచి వెలుగు కొట్టాను. ఏమీ లేదనుకున్న చోట సన్నటి నీడ గీతలు లేచాయి. మా అన్నయ్య కొడుకు ముక్కు బ్యాటుకు తగిలేలా వంగి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. పేరు తేలగానే, "బాబాయ్, గాడి ఉందిగా, దాని మీదే పెన్నుతో దిద్దేద్దామా?" అన్నాడు. టార్చి కింద పెట్టేసి పెన్నుల డబ్బా ముందు దాచాను. దిద్దిన మరుక్షణం అది ఆటగాడి సంతకం కాదు, మా వాడి సంతకం అవుతుంది.

అప్పటినుంచి పట్టుకుంది ఈ పిచ్చి. భూతద్దం కొన్నాను, చదివాను, తెలిసినవాళ్లు ఏదైనా తెస్తే చూసిపెడుతున్నాను. వచ్చినవాళ్లంతా ముందు చెప్పేది కథే. నేను కథను ఆఖరికి వింటాను. ముందు వస్తువు వయసు, తర్వాత పెన్ను వయసు, ఆ తర్వాతే అక్షరాల వంపులు.

ఒకాయన అమెరికా బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ సంతకం ఉన్న బంతి తెచ్చాడు. సంతకం ముచ్చటగా ఉంది, బంతి కూడా తగినంత మాసి ఉంది. కానీ అక్కడి రెండు పెద్ద బేస్‌బాల్ లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ అధికారిక బంతుల మీద అప్పటి లీగ్ అధ్యక్షుడి పేరు అచ్చువేసేవారు. దీని మీద ఉన్నది జో క్రోనిన్ పేరు. ఆయన అధ్యక్షుడైంది 1959లో. రూత్ చనిపోయింది 1948 ఆగస్టులో. బంతి తిప్పి ఆ అచ్చు చూపించాను. ఆయన కాసేపు చూసి, "మా నాన్న అబద్ధం చెప్పడండీ" అన్నాడు. చెప్పకపోవచ్చు. ఆయనకు ఎవరో చెప్పుంటారు.

పెన్నుతో కూడా ఇలాగే పట్టుకోవచ్చు. బాల్‌పెన్ను అమెరికాలో దుకాణాలకు వచ్చింది 1945 చివర్లో. 1941లోనే పోయిన బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్ బాల్‌పెన్నుతో సంతకం పెట్టలేడు. సంతకాలకు ఎక్కువగా వాడే షార్పీ అనే చెరగని మార్కరు వచ్చింది 1964లో. అయితే తొందరపడకూడదు. 1960 ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన బాక్సర్ ఫోటో మీద 'ముహమ్మద్ అలీ' అని ఉంటే అది దొంగదని చెప్పలేం. కాషియస్ క్లే ఆ పేరుకు మారింది 1964లోనే, కానీ పాత ఫోటో మీద ఎప్పుడైనా సంతకం పెట్టొచ్చు. పతకం గెలిచిన రోజే పెట్టించుకున్నామని అంటేనే దొరికిపోతారు.

అక్షరాల దగ్గరికొస్తే, అలవాటైన చెయ్యి వేగంగా పోతుంది, గీత చివర సన్నబడి తేలిపోతుంది. చూసి అనుకరించే చెయ్యి నెమ్మదిగా నడుస్తుంది. భూతద్దంలో సన్నటి వణుకు, ఉన్నట్టుండి ఆగిన చోట ఇంకు మడుగు కనిపిస్తాయి. ముసలితనంలోనూ, జబ్బులోనూ అసలు చెయ్యే వణుకుతుందనుకోండి, అది వేరే లెక్క. ఇంకు పగుళ్లలోకి దిగి ఉంటే నాకు అనుమానం. పాత తోలు పగిలాక రాసిన రాత అలా దిగుతుంది.

సర్టిఫికెట్ చూపిస్తే నాకు భక్తి కలగదు. 1990లలో అమెరికాలో ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో ఒక దొంగ సంతకాల ముఠాను పట్టుకుంది. వాళ్ల సరుకులో మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ కూడా ఉంది. దొంగ సర్టిఫికెట్లూ ఉన్నాయి. ఆ బంతి కొన్నవాడిని ఒక్కసారి కలవాలని ఉంది.

విలువ అంటారా, గొప్పవాడైనంత మాత్రాన సంతకం అరుదు కాదు. బ్రాడ్‌మన్ తొంభై దాటాక 2001లో పోయాడు, దశాబ్దాల పాటు అభిమానుల ఉత్తరాలకు ఓపిగ్గా సంతకాలు పెట్టి పంపాడు. చిన్న వయసులో పోయిన మామూలు ఆటగాడి సంతకం దొరకడమే కష్టం కావచ్చు. జట్టు బ్యాటు మీద అయితే ఒక్కటి చెదిరినా మొత్తం విలువ జారుతుంది. నా బ్యాటు సంగతి ఇక అడగకండి.

భద్రం చేస్తున్నామనుకుంటూ పాడుచేసేవాళ్లే ఎక్కువ. సంతకం బంతికి లక్క పూత వేస్తే నిలుస్తుందని ఒకప్పుడు వేసేవారు, అవిప్పుడు బెల్లం రంగుకు తిరిగాయి. సంతకాలున్న బ్యాటుకు అవిసె నూనె పట్టించడం ఇంకా ఘోరం: చెక్క పసుపెక్కుతుంది, ఇంకు పాకుతుంది. కాగితాన్ని ల్యామినేట్ చేస్తే దాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్లకు జిగురెక్కి ఇంకును తమకు అంటించుకుంటాయి. పాలియెస్టర్ కవరో, ఆమ్లం లేని అట్టపెట్టో వాడాలి. అటక మీద వేడి, నేల మీద తేమ, రెండూ వద్దు. మనుషులు సుఖంగా ఉండే గదే వాటికీ మంచిది. ఎండలోని యూవీ కిరణాలను ఆపే గాజు మేలే కానీ మామూలు వెలుతురు కూడా వెలిసేలా చేస్తుంది. వెలిసిన రంగు చీకట్లో పెట్టినా తిరిగి రాదు.

ఇప్పుడు బ్యాటు పెట్టెలో, బీరువాలో ఉంది. షోకేసులో దాని నిలువెత్తు ఫోటో పెట్టాను, ఇంతవరకూ వచ్చినవాళ్లెవరూ తేడా అడగలేదు. పెట్టెలోనే ఒక కాగితం మీద పెన్సిలుతో బ్యాటు చరిత్ర రాసి పెట్టాను: మామయ్య చెప్పిన కథ, అది ఎన్ని రకాలుగా చెప్పాడో అన్ని రకాలుగా, ఏ సంతకం ఎక్కడుందో బొమ్మ. కింద ఇంకో వరుస: "నాలుగు సంతకాలు వెలిశాయి. కారణం: తొమ్మిదేళ్ల ఎండ. అక్కడ పెట్టింది నేను."