భాష, నైపుణ్యం చూసి కాల్ కలపడం: మా ఫ్లోర్‌లో నా అనుభవం

హైదరాబాద్‌లో గృహోపకరణాల సర్వీసు కాల్స్ తీసుకునే ఒక కేంద్రంలో క్యూలు, రోస్టరు చూసే బాధ్యత నాది. మాకు తెలుగు, హిందీ, తమిళం, కన్నడం, ఇంగ్లీషు మాట్లాడేవారు ఫోన్ చేస్తారు; పని కూడా ఇన్‌స్టలేషన్ బుకింగ్, వారంటీ, మెషీన్ లోపం అని మూడు రకాలుగా ఉంటుంది. ఇదివరకు ఎక్కువసేపు ఖాళీగా ఉన్న ఏజెంటుకే తర్వాతి కాల్ వెళ్లేది. తమిళంలో మాట్లాడే కస్టమర్‌కు తెలుగు మాత్రమే వచ్చిన ఏజెంటు తగలడం, అక్కడినుంచి ట్రాన్స్‌ఫర్ అయి మళ్లీ క్యూలో వేచి ఉండడం, విసిగిపోయి తన సమస్యను మొదటినుంచి చెప్పుకోవడం నిత్యం జరిగేది. ఈ పద్ధతిని మార్చే పని నాకు అప్పగించారు.

అన్నిటికంటే ముందు ఎవరికి ఏ భాష ఎంత వచ్చో తేల్చుకోవలసి వచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపిన ఫారాల్లో చాలామంది నాలుగైదు భాషలు రాశారు. అయితే సినిమా చూసి అర్థం చేసుకునేంత తమిళం వేరు, కోపంగా ఉన్న మనిషికి నచ్చజెప్పగలిగే తమిళం వేరు. అందువల్ల ఒక్కొక్కరికీ వాషింగ్ మెషీన్‌లో నీళ్లు నిలిచిపోయాయన్న పాత రికార్డింగ్ ఒకటి వినిపించి, ముందుగా ప్లగ్ తీయించడం, డ్రెయిన్ పైపు ఎక్కడుందో చూపించడం, పైపును దించేముందు బకెట్ సిద్ధం చేయించడం వరకు అంతా పరీక్షిస్తున్న భాషలోనే చెప్పమన్నాము. విని స్థాయి నిర్ణయించడానికి ఆ భాష ఇంట్లో మాట్లాడే టీమ్ లీడర్‌ను కూర్చోబెట్టాము. చిత్తూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన ఫారంలో తమిళం ఊసే ఎత్తలేదు. ఆమె చెప్పిన తీరు విన్నాక తమిళంలో మొదటి స్థాయి, అంటే అన్నిటికంటే మెరుగైన స్థాయి, ఆమెకే ఇచ్చాము. కాగితం మీద ఉన్నదాన్ని నమ్మి పట్టిక తయారుచేసి ఉంటే ఆమె మాకు కనిపించేదే కాదు.

అయిదు భాషలకు మూడు పనుల చొప్పున 15 విడి క్యూలు పెట్టి, ఏజెంట్లను కూడా అలాగే విడదీద్దామని పైనుంచి సూచన వచ్చింది. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకించాను. డెన్మార్క్ గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన, క్యూలో ఎంతసేపు వేచి ఉండాలో అంచనా వేసే సూత్రంతో లెక్క వేసి చూపించాను. ఆరుగురు ఏజెంట్లున్న ఒక బృందానికి గంటకు 75 కాల్స్ వస్తూ, ఒక్కొక్కటి సగటున 4 నిమిషాలు పడితే, కస్టమర్ సగటున దాదాపు 140 సెకన్లు వేచి ఉండాలి. అలాంటి రెండు బృందాలను కలిపి 12 మంది చేత 150 కాల్స్ తీయిస్తే ఆ నిరీక్షణ దాదాపు 54 సెకన్లకు తగ్గుతుంది. మనుషులు అంతే, పని అంతే. విడదీసినప్పుడు ఒక చోట ఏజెంట్లు ఖాళీగా ఉండగానే మరో చోట క్యూ పెరుగుతుంది.

కాల్స్‌ను ఏజెంట్లకు పంపడానికి మేము వాడే సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్. అందులో ప్రతి క్యూలో ప్రతి ఏజెంటుకు పెనాల్టీ అనే అంకె ఇవ్వవచ్చు. అంకె తక్కువ ఉన్నవారికి ముందుగా కాల్ వెళుతుంది. స్థాయిలకు 1, 2, 3 అని ఇచ్చి, మొదటి 25 సెకన్లు స్థాయి 1 వారికే కాల్ వెళ్లేలా, తర్వాత స్థాయి 2 వారికీ, నిమిషం దాటితే స్థాయి 3 వారికీ తెరుచుకునేలా నియమం రాశాము. అలా ఒకే ఏజెంటు నాలుగు క్యూల్లో వేర్వేరు స్థాయిల్లో ఉండగలిగారు, ఎవరినీ విడదీయనవసరం రాలేదు.

కస్టమర్ భాషను ముందే కనిపెట్టడానికి ఫోన్ నంబరు ఏ టెలికాం సర్కిల్‌దో, అంటే ఏ ప్రాంతంలో ఇచ్చిందో చూసే ఏర్పాటు అప్పటికే ఉండేది. 2015 జులై 3 నుంచి దేశంలో ఎక్కడికి మారినా పాత నంబరే ఉంచుకోవచ్చు కాబట్టి ఆ ఊహకు బలం లేదు. పైగా షోలాపూర్, భివండీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల నంబర్లు మహారాష్ట్రవే, హోసూరు తెలుగువారివి తమిళనాడువే. భాష అడగడమే మర్యాద అని నా అభిప్రాయం. మొదటి కాల్‌లో ఐవీఆర్, అంటే బటన్ నొక్కమని చెప్పే రికార్డు చేసిన గొంతు, అడుగుతుంది, సమాధానం నమోదవుతుంది, తర్వాతి కాల్ నేరుగా ఆ భాషలోకే వెళుతుంది. మార్చుకోవాలనుకుంటే ఒక బటన్ ఉంటుంది.

దీనివల్ల కొత్త ఇబ్బంది ఒకటి తలెత్తింది. తమిళమూ, మెషీన్ లోపాలూ రెండూ బాగా వచ్చినవారికి కాల్ వెంట కాల్ పడుతూ ఊపిరి తీసుకునే వ్యవధి దొరకలేదు. ఎక్కువ వచ్చినవారికి ఎక్కువ శ్రమ అనేది శిక్ష కాకూడదని తెలుగు క్యూలో వారి పెనాల్టీ పెంచి, ఆ కాల్స్ ఇతరులకు వెళ్లేలా చేశాను. లోపాల కాల్స్ సహజంగానే పొడవుగా ఉంటాయి కనుక, వారి సగటు కాల్ సమయాన్ని బుకింగ్ ఏజెంట్లతో పోల్చడం ఆపించాను. భాషా పరీక్షలో నెగ్గినవారికి భత్యం ఇవ్వడానికి యాజమాన్యాన్ని ఒప్పించడానికి మాత్రం చాలా వాదించవలసి వచ్చింది.

రాత్రి షిఫ్టులో కన్నడానికి ఇప్పటికీ ఒక్కరే ఉన్నారు. ఆమె సెలవు పెట్టిన రోజున కస్టమర్ వివరాలు నమోదు చేసుకుని, ఉదయం షిఫ్టు మొదలవగానే కన్నడం వచ్చినవారి చేతనే తిరిగి ఫోన్ చేయిస్తున్నాము. మరొకరిని తీసుకోవడానికి అనుమతి వచ్చింది. పరీక్షకు అదే వాషింగ్ మెషీన్ రికార్డింగును కన్నడంలో కూడా సిద్ధం చేయించాను.